తిరిగొచ్చినవాళ్ళ వల్ల ఇక్కడ ఏమైనా మారిందా? సాలిగ్రామం నుంచి ఒక కంపోజిటర్ జవాబు

మీ ప్రశ్నని నాకు అర్థమైనట్టు ముందు చెప్తాను. మీరు 9 ఏళ్ళుగా వాంకోవర్‌లో వీఎఫ్ఎక్స్ కంపోజిటర్, అంటే కెమెరాతో తీసినదాన్నీ కంప్యూటర్లో చేసినదాన్నీ ఒకే షాట్‌గా అతికే పని. ఏడాదిగా కాంట్రాక్టులు సరిగ్గా లేవు, చెన్నై వచ్చేద్దామని ఉంది. అక్కడి అనుభవానికి ఇక్కడ విలువ ఉంటుందా, మనలాంటివాళ్ళు తిరిగిరావడం వల్ల ఇక్కడి సినిమా పనిలో నిజంగా ఏమైనా మారిందా, లేక అదంతా ఇంటర్వ్యూల్లో చెప్పుకునే మాటేనా అని అడిగారు.

నేను లండన్‌లో ఆరేళ్ళు, వాంకోవర్‌లో ఐదేళ్ళు చేసి 2017లో వచ్చేశాను. మాది నెల్లూరు జిల్లా. ఇప్పుడు చెన్నై సాలిగ్రామంలో 22 మందితో చిన్న యూనిట్ నడుపుతున్నాను. తెలుగు, తమిళ సినిమాలు చేస్తాం, మధ్యలో ఓటీటీ సిరీస్‌లు వస్తే వదలం.

సూటిగా చెప్పాలంటే మారింది, కానీ మీరు అనుకుంటున్న చోట మారలేదు. న్యూక్, హూడిని లాంటి వీఎఫ్ఎక్స్ సాఫ్ట్‌వేర్లు మీకంటే, నాకంటే వేగంగా చేసే కుర్రాళ్ళు వడపళనిలో వీధికి పదిమంది దొరుకుతారు. వాళ్ళకి మనం కొత్తగా నేర్పేదేమీ లేదు. షాట్‌కి ‘ఓకే’ అనే మాట ఎవరి నోట్లో ఉంది, ఆ మాట అనే ముందు ఏం జరుగుతుంది అన్నదాంట్లోనే తిరిగొచ్చినవాళ్ళ చెయ్యి కనబడుతుంది. కనబడని చోట్లూ చాలా ఉన్నాయి.

ఇది మనవాళ్ళకి కొత్త కథేమీ కాదు. మచిలీపట్నం నుంచి మద్రాసు వచ్చిన రఘుపతి వెంకయ్య ముందు ఫోటోగ్రఫీ, తర్వాత సినిమా ప్రదర్శనలు చేసి, గెయిటీ థియేటర్ కట్టించారు. కొడుకు ప్రకాశ్‌ని సినిమా తీయడం నేర్చుకు రమ్మని లండన్ పంపించారు. ప్రకాశ్ తిరిగొచ్చాక 1921లో ఇదే ఊళ్ళో స్టార్ ఆఫ్ ది ఈస్ట్ అని కంపెనీ పెట్టి ‘భీష్మ ప్రతిజ్ఞ’ అనే మూకీ తీశారు. అంటే తెలుగు సినిమా పుట్టిందే ఫారిన్ రిటర్న్ చేతుల్లో, అదీ చెన్నైలో. ఆ కంపెనీ ఎక్కువ కాలం నిలవలేదు. అయితే ప్రకాశ్ దగ్గర పని నేర్చుకున్న సి. పుల్లయ్య తర్వాత 1934లో ‘లవకుశ’ తీశారు. దీని గురించి నేను చాలాసార్లు ఆలోచిస్తుంటాను, ముఖ్యంగా నెలాఖరున జీతాలు వేసేటప్పుడు.

ఇప్పుడు వస్తున్న జనం సంగతి వేరు. చాలామంది మనసు లాగి రావడం లేదు, పని లేక వస్తున్నారు. మీకు తెలిసిందే, చదివే మిగతావాళ్ళ కోసం చెప్తున్నా. 2023 మేలో హాలీవుడ్ రచయితల సమ్మె, జూలైలో నటుల సమ్మె మొదలై, నటులది నవంబర్ దాకా నడిచింది. షూటింగ్ ఆగితే కొన్ని నెలలకి మన టేబుల్ మీదకి వచ్చేదేమీ ఉండదు. 2024లో క్యుబెక్ ప్రభుత్వం వీఎఫ్ఎక్స్ పన్ను రాయితీకి కోత పెట్టింది, మాంట్రియల్ ఖాళీ అవడం మొదలైంది. అదే ఏడాది ఏప్రిల్‌లో బ్రిటన్ స్కిల్డ్ వర్కర్ వీసాకి కనీస జీతం 26,200 పౌండ్ల నుంచి 38,700కి పెంచింది. జూనియర్ కంపోజిటర్‌కి అంత జీతం ఎవరిస్తారు? 2025 ఫిబ్రవరిలో ఎంపీసీ, ది మిల్ లాంటి పెద్ద వీఎఫ్ఎక్స్ స్టూడియోలున్న టెక్నికలర్ గ్రూప్ కూలిపోయింది. దాని బెంగళూరు స్టూడియోలో ఉన్నవాళ్ళు కూడా రాత్రికి రాత్రి రోడ్డున పడ్డారు. కాబట్టి ‘ఇండియాలో ఉంటే సేఫ్’ అన్న ఆలోచన ఉంటే పక్కన పెట్టండి. తాడు అక్కడ తెగితే బకెట్ ఇక్కడ పడుతుంది.

వచ్చినవాడికి ఇక్కడ రెండు దారులు. ఒకటి విదేశీ స్టూడియోల శాఖలు. చెన్నైలో డీనెగ్‌కి స్టూడియో ఉంది, బెంగళూరు, ముంబైల్లోనూ ఇలాంటివి ఉన్నాయి. జీతం టైముకి పడుతుంది, పీఎఫ్, ఇన్సూరెన్స్ ఉంటాయి, మీ క్రెడిట్లకి అక్కడ లెక్క ఉంటుంది. ఈ శాఖల్లో తిరిగొచ్చినవాళ్ళు చేసిన మేలు ఒకటుంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. మొదట్లో ఇక్కడికి వచ్చేది రోటో (ఫ్రేము ఫ్రేముకీ మనిషి అంచులు గీయడం), పెయింట్ (అక్కర్లేనివి చెరిపేయడం), మ్యాచ్‌మూవ్ (కెమెరా కదలికని కంప్యూటర్లో పట్టడం) మాత్రమే, అంటే చాకిరీ పని. తర్వాత కంపోజిటింగ్, లైటింగ్ కూడా రావడం మొదలైంది. కారణం మన టాలెంట్ ఒక్కసారిగా పెరగడం కాదు. వాంకోవర్‌లో పక్క సీట్లో కూర్చుని పనిచేసినవాడు ఇప్పుడు చెన్నైలో ఉన్నాడంటే, అక్కడి సూపర్‌వైజర్ కష్టమైన షాట్‌ని కాస్త ధైర్యంగా పంపిస్తాడు. తప్పొస్తే ఫోన్ ఎవరికి చెయ్యాలో ఆయనకి తెలుసు. ఆ ఒక్క పరిచయం మీద యాభై మందికి పెద్ద పని దొరుకుతుంది.

కానీ ‘ఓకే’ మాత్రం అక్కడే ఉండిపోయింది. వేసవిలో వాంకోవర్ మనకంటే 12 గంటలన్నర వెనక. రాత్రి తొమ్మిదికి కాల్‌లో కూర్చుంటే, అప్పుడే కాఫీ పట్టుకొచ్చిన మనిషి ‘ఇంకాస్త వెచ్చగా ఉండాలి’ అంటాడు. ఎందుకు వెచ్చగా ఉండాలి, ఆ సీన్లో ముందేం జరిగింది అన్నది మన కుర్రాడికి తెలీదు. స్క్రిప్ట్ వాడికి చూపించరు. 2013 ఫిబ్రవరిలో రిథమ్ అండ్ హ్యూస్ స్టూడియో ‘లైఫ్ ఆఫ్ పై’కి ఆస్కార్ అందుకుంది, అదే నెలలో దివాలా పిటిషన్ కూడా వేసింది. దానికి హైదరాబాద్‌లో పెద్ద శాఖ ఉండేది. పులి వెంట్రుక వెంట్రుకా తెలిసిన చేతులు మన మధ్యే ఉన్నాయి. అయినా పులి ఎలా నడవాలో తేల్చిన గది లాస్ ఏంజెలెస్‌లో ఉంది. ఆ స్టూడియో చేతులు మారాక ఇక్కడ మిగిలింది ఆ చేతులే.

రెండో దారి లోకల్ సినిమా. జీతం మీరు ఊహించిన దాంట్లో మూడో వంతు అనుకోండి, నాకు మొదటి రెండేళ్ళు అంతకన్నా తక్కువే వచ్చింది. కానీ ‘ఓకే’ చెప్పే డైరెక్టర్ రెండు వీధుల అవతల ఉంటాడు. పొద్దున్నే ఆయనతో ఇడ్లీ తింటూ ‘ఈ షాట్ అసలు అక్కర్లేదు సార్’ అనొచ్చు. అక్కడ 11 ఏళ్ళలో నేను ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు, అనే హోదా నాకు లేదు.

ఇక నిజంగా ఏం మారిందో నా కళ్ళముందు జరిగినవే చెప్తాను.

2018లో చెన్నై ఈస్ట్ కోస్ట్ రోడ్‌లో ఒక నైట్ షూట్. షూటింగ్‌లో లైటు ఎటునుంచి ఎంత పడుతోందో తర్వాత కంప్యూటర్లో మళ్ళీ పుట్టించాలంటే, ప్రతి సెటప్‌కి ఒక బూడిదరంగు బంతి, ఒక అద్దం లాంటి బంతి నటుడు నిలబడే చోట పట్టుకుని కొన్ని సెకన్లు తీసుకోవాలి. లండన్‌లో దీనికి ప్రత్యేకంగా మనుషులుంటారు. ఇక్కడ ఆ బంతులే లేవు. పారీస్ కార్నర్‌లో మెట్ల రెయిలింగ్ చివర బిగించే స్టీలు బంతులు రెండు కొన్నాను, ఒకదానికి మెరుపు లేని బూడిద పెయింట్ కొట్టించాను. సెట్‌కి పట్టుకెళ్ళాను. మొదటి సెటప్ అవగానే ‘ఒక్క నిమిషం’ అన్నాను. అసిస్టెంట్ డైరెక్టర్ నా వైపు తిరిగి, ‘సార్, ఈ రాత్రికి 30 సెటప్‌లున్నాయి. నిమిషం చొప్పున అరగంట. జనరేటర్ బాడుగ మీరు కడతారా?’ అన్నాడు. లెక్క కరెక్టే. నా దగ్గర జవాబు లేదు.

లైట్‌మన్ ఒకాయన, అరవై దాటిన మనిషి, గుంటూరు వైపు నుంచి చిన్నప్పుడే కోడంబాక్కం వచ్చినాయన, ఇదంతా బీడీ కాలుస్తూ చూశాడు. కాసేపాగి దగ్గరికొచ్చి, ‘లైటింగ్ చేసేటప్పుడు హీరో చోట మా వాడొకడు ఎలాగూ నిలబడతాడు కదయ్యా. ఆ బంతులు వాడి చేతికియ్యి. కెమెరామెన్ లైటింగ్ రెడీ అనంగానే నువ్వు తీసుకో. విడిగా టైమెందుకు?’ అన్నాడు. అంతే. అయిదు సెకన్లు. మర్నాటికి ఆయనే ఆ రెండు బంతుల్నీ ఒక అల్యూమినియం కర్రకి అటొకటి ఇటొకటి బిగించి తెచ్చాడు, చూడ్డానికి గద లాగా ఉంది. ఇప్పటికీ మా యూనిట్లో దాని పేరు గదే. ఆ తర్వాత నేను పనిచేయని రెండు సినిమాల సెట్లలో అలాంటి కర్ర చూశాను. ఇది నేను లండన్ నుంచి తెచ్చానని చెప్పుకోవచ్చా? సగమే. నేను తెచ్చినది ఆ అరగంట దగ్గర ఆగిపోయేది.

రెండోది డైలీస్. అక్కడ రోజూ పొద్దున్న అందరూ ఒక చీకటి గదిలో కూర్చుంటారు, ఒక్కో షాట్ వేస్తారు, సూపర్‌వైజర్ తప్పులు చెప్తాడు, కోఆర్డినేటర్ టైప్ చేసుకుంటుంది. ఎవరూ నొచ్చుకోరు, తర్వాత కలిసి లంచ్‌కి పోతారు. నేను అదే యథాతథంగా ఇక్కడ పెట్టాను. మొదటివారం ఎవరినేం అడిగినా ‘ఓకే సార్’. రెండోవారం ఒక అబ్బాయి షాట్‌లో అంచులు సరిగ్గా లేవని అందరి ముందూ చెప్పాను, చాలా మర్యాదగానే చెప్పాను. వాడు రెండు రోజులు రాలేదు. మూడో రోజు వాళ్ళ నాన్న ప్రొద్దుటూరు నుంచి ఫోన్ చేశారు: ‘మావాడు ఏం తప్పు చేశాడు సార్? తీసేస్తున్నారా?’

నాకు నోట మాట రాలేదు. పదిమందిలో తప్పు ఎత్తి చూపడమంటే మన దగ్గర అర్థం వేరు, అది నేను అక్కడ ఉండి మర్చిపోయాను. పద్ధతి తిరగేశాను. తప్పులు ముందురోజు సాయంత్రం ఎవరి సీటు దగ్గర వాళ్ళకే చెప్పడం. పొద్దున గదిలో పాస్ అయిన షాట్లు మాత్రమే వేయడం, చేసినవాడు లేచి ఎలా చేశాడో చెప్పడం. ఏడాది గడిచాక వాళ్ళే ‘సార్, పాస్ కానివి కూడా వేయండి, అందరం చూస్తాం’ అన్నారు. ఇప్పుడు ఆ ప్రొద్దుటూరు అబ్బాయి మా టీమ్ లీడ్, జూనియర్ల మీద నాకంటే ఘాటుగా విరుచుకుపడతాడు. ఆపడం నా పని అయ్యింది.

అన్నట్టు, ఆ రోజుల్లో మా కుర్రాళ్ళు నాకు పెట్టిన పేరు ‘అక్కడైతే సార్’. ప్రతి మాటా ‘అక్కడైతే’ అని మొదలుపెట్టేవాణ్ణట. మీరు వచ్చాక మొదటి ఆరు నెలలు ఆ ఒక్క మాట నాలిక చివర పట్టుకోండి.

మూడోది డబ్బు లెక్క. ఇక్కడ నిర్మాత అడిగే ప్రశ్న ఒకటే: ‘మొత్తం సినిమాకి ఎంత?’ ఎన్ని షాట్లో, ఎంత కష్టమో ఎవరికీ తెలీదు. ఒక అంకె చెప్తాం, అందులో సగానికి బేరం తెగుతుంది, తర్వాత షాట్లు రెట్టింపవుతాయి. అక్కడ మనం షాట్ షాట్‌కీ ఎన్ని రోజుల పనో కట్టి, ఎన్నిసార్లు మార్పులు చేస్తామో రాసి ఇస్తాం. ఆ షీట్ ఒక పెద్దమనిషి ముందు పెట్టాను. ఆయన కళ్ళజోడు తీసి, ‘ఏంటయ్యా ఇది, పెళ్ళి భోజనాల్లాగా ప్లేటుకి ఇంతా?’ అన్నారు. మన పనిలో కెమెరాతో తీసిన ఒరిజినల్ షాట్‌ని ప్లేట్ అంటారని ఆయనకి తెలీదు. నేను ‘అవునండీ, ప్లేటుకి ఇంతే. వడ్డించాక మళ్ళీ మళ్ళీ మార్చమంటే మూడుసార్ల దాకా ఫ్రీ, ఆ పైన కొత్త ప్లేటు లెక్క’ అన్నాను. గట్టిగా నవ్వి సంతకం పెట్టారు. నాలుగో కరెక్షన్ వచ్చినప్పుడు ఆయనే డైరెక్టర్‌కి ఫోన్ చేసి ‘ప్లేటు పెరుగుద్ది’ అన్నారు. ఈ మాట ఇప్పుడు ఇద్దరు ముగ్గురు ప్రొడక్షన్ మేనేజర్ల నోట విన్నాను.

అందరూ ఆయనలా ఉండరు. 2019లో ఒక సినిమాకి నాలుగు నెలలు చేశాం, రిలీజ్ తేదీ ముందే పోస్టర్ మీద పడింది, ఆ రాత్రి ఫైనల్ షాట్లు ఇచ్చేశాను, బ్యాలెన్స్ ఇప్పటికీ రాలేదు. పేరు చెప్పను, చెప్పి లాభం లేదు. ఫిల్మ్ రోజుల్లో ల్యాబ్‌లకి ఒక బలం ఉండేది: నెగెటివ్ వాళ్ళ దగ్గరే ఉంటుంది, బాకీ తీరిస్తేనే ల్యాబ్ లెటర్, అంటే ఇక బాకీ లేదు, రిలీజ్ చేసుకోవచ్చు అనే కాగితం. మన చేతిలో ఉండేది హార్డ్ డిస్క్, అదీ వాళ్ళదే. అప్పటినుంచి చివరి 20 శాతం షాట్లు డబ్బు పడ్డాకే ఇస్తున్నాను. ఇది అక్కడ నేర్చుకున్నది కాదు. పాత ల్యాబ్ మేనేజర్ ఒకాయన టీ కొట్టు దగ్గర చెప్పాడు.

మనం తెచ్చిన చెడు కూడా ఉంది, దాచను. నేను వచ్చినప్పుడు ఇక్కడి సీనియర్ ఒక్కడే రోటో నుంచి ఫైనల్ దాకా షాట్ మొత్తం చేసేవాడు. షాట్ వాడిది. మేమొచ్చి డిపార్ట్‌మెంట్లుగా కోసేశాం. వేగం పెరిగింది, తప్పులు తగ్గాయి. కానీ ఇప్పుడు అయిదేళ్ళ అనుభవం ఉన్న పిల్లకి పెయింట్ తప్ప ఇంకేం రాదు, సినిమా మొత్తం ఏమిటో తెలీదు. వంటమనిషిని ఉల్లిపాయలు తరిగే మనిషిగా మార్చినట్టయింది. మా దగ్గర నెలకి ఒక షాట్ మొదటినుంచి చివరి దాకా ఒక్కరే చేయాలని రూల్ పెట్టాను. లాభం లేని రూల్ అని మా అకౌంటెంట్ అంటాడు. లెక్క ప్రకారం ఆయన మాట నిజమే.

పేర్ల సంగతి కూడా చెప్పాలి. అక్కడ క్రెడిట్స్‌లో మన పేరు రాకపోతే గొడవ. ఇక్కడ ఇప్పటికీ చాలా సినిమాల్లో కంపెనీ పేరు ఒక్క కార్డు పడుతుంది, అంతే. నేను మూడు సినిమాలకి పట్టుబట్టి పేర్లు వేయించాను, రెండింటికి కుదరలేదు. మీలాంటివాళ్ళు ఇంకో పదిమంది ఇదే అడిగితే పని అవుతుంది.

మీ ఆసక్తి గేమ్స్ వైపు కూడా ఉంటే చెన్నై కంటే బెంగళూరు చూడండి. రాజేశ్ రావు 1997లో పెట్టిన ధ్రువ ఇంటరాక్టివ్ అనే గేమ్స్ కంపెనీని 2019లో జీటీఏ గేమ్ చేసే రాక్‌స్టార్ కొనేసింది. యానిమేషన్, గేమ్స్ రంగానికి విడిగా పాలసీ తెచ్చిన మొదటి రాష్ట్రం కర్ణాటక, అది 2012లో. అక్కడ జీతాలు మెరుగు. అయితే ‘ఓకే’ ఎక్కడుంది అన్న ప్రశ్న అక్కడా అడిగి చూసుకోండి.

ఇంక మీ సొంత లెక్కలు. ఇన్నేళ్ళు బయట ఉన్నారు కాబట్టి వచ్చాక మొదట కొంతకాలం ఆర్ఎన్ఓఆర్ అనే పన్ను హోదా దొరికే అవకాశం ఉంది, అప్పుడు అక్కడి ఆదాయం మీద సాధారణంగా ఇక్కడ పన్ను పడదు. ఎప్పుడు దిగుతారన్న తేదీని బట్టి ఇది మారుతుంది కాబట్టి టికెట్ కొనకముందే సీఏతో మాట్లాడండి. కెనడా పెన్షన్‌కి కట్టింది పోదు, రెండు దేశాల మధ్య 2015 నుంచి సామాజిక భద్రత ఒప్పందం అమల్లో ఉంది. తమిళం రాకపోతే మూడు నెలల్లో వచ్చేస్తుంది, సాలిగ్రామం టీ కొట్లలో ఇప్పటికీ సగం తెలుగే వినిపిస్తుంది. ఆత్రపడి మొదటి నెలలోనే సొంత యూనిట్ పెట్టొద్దు, నేను ఆ తప్పు చేశాను. కనీసం ఒక సినిమా వేరేవాళ్ళ దగ్గర చెయ్యండి, డబ్బు ఎలా కదులుతుందో చూడండి.

ఇంకా రాజీనామా చేయకపోతే చేయకండి. కాంట్రాక్టుల మధ్య ఖాళీ ఎలాగూ ఉందంటున్నారు, జూలై చివర్లో రెండు వారాలు రండి. ఆడి మాసం, మన ఆషాఢం లాంటిదే, కొత్త సినిమాల పూజలు పెద్దగా ఉండవు కాబట్టి మేనేజర్లు, డైరెక్టర్లు కూర్చుని మాట్లాడే తీరికలో ఉంటారు. మా దగ్గర ఒక సీటు ఖాళీగా పెడతాను, ఒక షాట్ మొదటినుంచి చివరి దాకా మీరే చేసి చూడండి. నడుస్తున్న షూటింగ్ ఏదైనా దొరికితే గద పట్టుకుని సెట్‌కి కూడా వెళ్దాం. టికెట్ మాత్రం రానూపోనూ తీసుకోండి.